పైకెక్కి చూశాను

మూడు వైపుల నుంచి చూస్తే గుట్ట నిండుగానే ఉంది. నాలుగో వైపు ముందు వరసలు తీసేసిన చోట తొంగిచూస్తే లోపల ఏకంగా ఒక గది. మంచం, రెండు కుర్చీలు వేసుకుని ఓ చిన్న సంసారం సాగించొచ్చు. గోడలు మాత్రం స్టాండు ఫ్యాన్ల అట్టపెట్టెలు.

"పొడవు పద్నాలుగు, వెడల్పు తొమ్మిది, ఎత్తు ఆరు. ఏడొందల యాభై ఆరు ఉండాలి సార్," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజర్. "ఉన్నవి ఐదొందల పదహారు. ఫ్యాన్లు కదా, మిగతావి ఎగిరిపోయినట్టున్నాయి."

తన హాస్యానికి తనే నవ్వి, ఆడిటర్ నవ్వలేదని గమనించి నవ్వు మింగేశాడు. గోడౌన్ పైకప్పు కారుతోందని రేకులు మార్చబోయారట. దానికోసం ఈ పాత మోడల్ గుట్టను పక్కకి జరపబోతే శుక్రవారం ఈ బొక్క బయటపడిందట. ఏడాదిగా అమ్ముడుపోని సరుకు, ఎవరూ ముట్టుకోని సరుకు. మరి రెండొందల నలభై పెట్టెలు ఎలా పోయాయో ఆడిటర్లే వచ్చి తేల్చాలని కబురు పెట్టారు. కిందటేడు లెక్క చూసినాయన అయితే గోడౌన్ తెలుసు కాబట్టి ఆయన్నే పంపమన్నారు.

ఆడిటర్ చూపు అప్పటికే నేల మీద ఉంది. వేలు పెడితే కూరుకుపోయేంత దుమ్ము. పెట్టెలు ఉండి తీసిన చోటైతే వాటి అడుగు అచ్చులు పడి ఉండాలి, ఒక్కటీ లేదు. లోపలి గోడలకు సాలెగూళ్ళు ఒకదాని మీద ఒకటి అల్లుకున్నాయి. తక్కిన మూడు వైపులా బయటి వరసల చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీలు ఫ్యాక్టరీ ముద్రతో సహా చెక్కుచెదరలేదు. అవి కోయకుండా మధ్యలోంచి పెట్టెలు లాగడం ఎవరి తరమూ కాదు. అంటే వీటిని ఎవరూ ఎత్తుకుపోలేదు. తగ్గిన లెక్క కనపడకుండా పేర్చిన రోజునే మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ పేర్చారు. అప్పటి స్టోర్ కీపర్ రిటైరై వెళ్ళిపోయాడు, అతని ఫోన్ మోగడం మానేసి చాలాకాలమైంది.

ఇదంతా అతనికి ఒక్క చూపులో అర్థమైంది. ఆఫీసులో అతన్ని చాటుగా భూతద్దం అంటారు. ఆ పేరు తెలిసి లోలోపల మురిసిపోతుంటాడు కూడా. ఎదుటివాళ్ళ లెక్కలో తప్పు కనపడగానే హుషారొచ్చే మనిషి ఇవాళ మాత్రం నేల మీద నుంచి చూపు ఎత్తలేదు. పదకొండు నెలల క్రితం ఇదే గుట్ట ముందు అట్టా పెన్నూ పట్టుకుని నిలబడి, ఈ మూడంకెల్నీ గుణించి, కింద సంతకం పెట్టింది తనే. గుణించి ఊరుకున్నా కొంత నయం. ఆ కాగితంలో గుట్ట సరుకు గురించి ఒక వాక్యం రాయాలని వాళ్ళ ఆఫీసు రివాజు. రాశాడు: 'పైకెక్కి చూశాను. మధ్యలో ఖాళీ లేదు.'

ఎక్కలేదు.

కొత్తగా చేరిన జూనియర్లకు అతను చెప్పే మొదటి పాఠమే అది. పేర్చిన సరుకుని నమ్మకండి, పైకెక్కి చూడండి, కింద నిలబడి గుణించడానికి మీరెందుకు కాలిక్యులేటర్ చాలు అంటాడు. రెండేళ్ళ కిందట ఎక్కకుండా ఎక్కానని రాసిన ఒకమ్మాయిని ఉద్యోగంలోంచి తీయించాడు. ఆ అమ్మాయి బల్ల సొరుగు ఖాళీ చేసుకుంటుంటే అటుగా వెళ్తూ జాలైనా పడలేదు.

ఆ రోజు టైం చాలలేదు, అనుకున్నాడిప్పుడు. అనుకోగానే కొంచెం ఊపిరాడింది.

ఇప్పటి స్టోర్ కీపర్ మూడు రిజిస్టర్లు రెండు చేతులా పట్టుకుని వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పదేళ్ళు ప్యాకింగ్ బల్ల దగ్గర పెట్టెలకు టేపు అంటించి, ఆ బల్ల దగ్గర నుంచి స్టోర్ కీపర్ కుర్చీ దాకా వచ్చిన మొదటి మనిషి. రిజిస్టర్లు బల్ల మీద పరిచి పేజీలు తిప్పింది. వచ్చిన ప్రతి పెట్టెకీ, వెళ్ళిన ప్రతి పెట్టెకీ ఒక గీత. ప్రతి గీత పక్కనా పెన్సిల్‌తో ఒక చుక్క, నీలం ఇంకుతో ఒక చుక్క, ఎర్ర ఇంకుతో ఒక చుక్క. శుక్రవారం నుంచీ మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా సరిచూసిందట. అతను అలవాటు కొద్దీ అక్కడక్కడా వేలు పెట్టి చూశాడు. ఒక్క కొట్టివేత కూడా లేదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళ దగ్గర కూడా అతను అంత శుభ్రమైన రిజిస్టరు చూడలేదు.

"నావల్లే ఎక్కడో పొరపాటు జరిగింది సార్," అంది ఆమె. "నేను చార్జి తీసుకున్న రోజున ఏడొందల యాభై ఆరు ఉన్నాయి. అంతకు ముందు వారమే మీరు లెక్కపెట్టి వెళ్ళారు. ఆ కాగితం చూసే నేను సంతకం పెట్టాను. అంటే నేను వచ్చాకే పోయుండాలి."

కంచే చేను మేస్తే కాపలా ఎందుకని పక్కనుంచి మేనేజర్ గొణిగాడు. ఆమెకు వినపడాలనే గొణిగాడు. ఆ మాటకి ఉలిక్కిపడింది మాత్రం ఆడిటరే. మేనేజర్ ఫోన్ మోగి అవతలికి వెళ్ళాక ఆమె గొంతు తగ్గించింది. గోడౌన్ తాళాలు రెండే ఉన్నాయట. ఒకటి ఆమె దగ్గర. భోజనాల వేళ రెండోది ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ దగ్గర ఉంటుంది. ఆ డ్రైవర్ ఆమెకు సొంత అన్న. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని చదివించిందీ, ఈ ఫ్యాక్టరీలో చేర్పించిందీ అతనే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

"శుక్రవారం రాత్రే ఇంట్లో అడిగాను సార్, నీకేమైనా తెలుసా అన్నయ్యా అని. తెలియదన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రోజు ఆడిటర్‌గారు పైకెక్కనే లేదు, అప్పటికే లోపల ఖాళీ ఉందేమో అన్నాడు." ఆమె మొహం సిగ్గుతో కందిపోయింది. "మీరు రాసిన కాగితం తెచ్చి చూపించాను. పైకెక్కి చూశానని ఆయన స్వయంగా రాస్తే, నువ్వు ఆయన మీద నింద వేస్తావా, నీ చేతిలో ఏదో ఉండబట్టే కదా ఇలాంటి సాకులు వెతుకుతున్నావు అని చీవాట్లు పెట్టాను. అప్పటి నుంచీ మాట్లాడటం లేదు. వాడన్న మాట మీ చెవిన పడితే మనసులో పెట్టుకోకండి సార్."

అప్పుడు చెప్పాలి. నాలుగే మాటలు: మీ అన్న చెప్పింది నిజం. అతను చేతిలోని కాగితం మీద తారీఖు రాశాడు. తారీఖు కింద గీత గీశాడు. తర్వాత తల ఊపాడు. పరవాలేదు, పెట్టుకోనులే అన్నట్టుగా.

గోడౌన్ చివర ఫోర్క్‌లిఫ్ట్ పక్కన నలభై దాటిన మనిషి ఒకడు నిలబడి గుడ్డతో స్టీరింగు తుడుస్తున్నాడు. ఒకసారి తలెత్తి ఇటు చూశాడు. ఆ చూపులో కోపమేమీ లేదు. మళ్ళీ తుడుచుకోవడంలో పడ్డాడు. ఆడిటర్ మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కారెక్కాడు.

ఇంట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కూతురి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. అల్లుడి ఉద్యోగమంటే ఆవిడకి రోజూ ఓ వేళాకోళం. "ఇవాళ ఎవరి తప్పు పట్టుకొచ్చారు అల్లుడుగారూ?" అంది ఎప్పటిలాగే. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. ఇవాళ, ఎందుకండీ ఎప్పుడూ అదే మాట అని విసుక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని తనకే అనిపించింది. ఆవిడ చిన్నబుచ్చుకుని కత్తిపీట జరుపుకుంది. భార్య వంటింట్లోంచి వచ్చి నుదురు ముట్టుకుని చూసింది. జ్వరం లేదు.

మర్నాడు, మంగళవారం, ఆఫీసులో కూర్చుని రెండు పేజీలు రాయడం మొదలుపెట్టాడు. ఆడిట్ రిపోర్టు భాషలో ఒక సుఖం ఉంది. అందులో ఎవరూ ఏమీ చేయరు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. 'వ్యత్యాసము గమనించడమైనది.' 'గత నివేదిక నాటికి సరుకు పూర్తిగా ఉన్నట్టు రికార్డులు చూపుచున్నవి.' 'బాధ్యత యాజమాన్యమే నిర్ధారించుకొనవలసి యున్నది.' పాము చావకుండా కర్ర విరగకుండా రాయడంలో అతనికి అతనే సాటి. దుమ్ము గురించీ సాలెగూళ్ళ గురించీ ఒక్క ముక్క రాయలేదు. పట్టీల గురించి ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాడు. మూడు గంటలకి మొదటి పేజీ కూడా పూర్తి కాలేదు.

అప్పుడే మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"తేలిపోయింది సార్. డ్రైవర్ ఒప్పుకున్నాడు. పెట్టెలు నేనే తీశానని రాసి సంతకం పెట్టాడు. మా చెల్లెలి ఉద్యోగం జోలికి రామని మాటివ్వండి, పెడతానన్నాడు. ఇచ్చాం. పెట్టాడు. పాత మనిషి కదా, పోలీసుల దాకా పోనివ్వం. ఇవాళ్టితో తీసేశాం."

"ఎలా తీశాడట?" అన్నాడు ఆడిటర్.

"అదంతా రాయలేదు. తీశాను అన్నాడు. అంతకంటే మనకేం కావాలి?"

మధ్యలోంచి ఎలా తీశాడు, పట్టీలు తెగకుండా ఎలా తీశాడు, రెండొందల నలభై పెట్టెలు ఏ బండి మీద గేటు దాటించాడు. రసీదు లేకపోతే టీ బిల్లు కూడా ఒప్పుకోని మనిషి ఇందులో ఒక్కటీ అడగలేదు. సరేనండీ అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేయగానే ఒళ్ళంతా తేలికైంది. స్టోర్ కీపర్ ఉద్యోగం పోలేదు. రిపోర్టులో ఇప్పుడు అన్ని గడులూ నిండాయి. ఇక తను చెప్పాల్సిన అవసరమే లేదు. ఆ తేలికదనం ఎంతసేపో లేదు. ఒక అమాయకుడు దొంగనని రాసిచ్చాడని విని తనకు హాయిగా అనిపించిందన్న సంగతి తట్టేసరికి కుర్చీలో కూర్చోలేకపోయాడు. లేచి బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. అద్దంలోకి చూడకుండా వచ్చేశాడు.

పెద్దాయన, అంటే ఆ ఆడిట్ సంస్థకు యజమాని, సాయంత్రం తనే గదికి వచ్చి భుజం తట్టాడు. వెళ్ళిన రెండో రోజుకే దొంగ దొరికాడంటే నీ పేరు చూసే భయపడి ఒప్పుకుని ఉంటాడన్నాడు. వచ్చే నెల నిన్ను పార్ట్‌నర్‌గా ప్రకటించేటప్పుడు ఈ సంగతి తప్పకుండా చెబుతానని కూడా అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక భార్యకి చెప్పేశాడు. దాచుకోవడం చేతకాక చెప్పాడు గానీ ధైర్యం వచ్చి కాదు. ఆమె పళ్ళేలు తీయడం ఆపి అంతా విన్నది. తర్వాత, "పోయినేడు ఆ రోజుల్లో మీకు నడుం నొప్పి కదూ? అందుకే ఎక్కి ఉండరు," అంది.

నడుం నొప్పి వచ్చింది ఆ తర్వాత మూడు నెలలకి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అతను, అయ్యుండొచ్చు అన్నాడు. ఆమె ముందు కూడా ఒక అబద్ధం ఖాతాలో పడింది.

పక్కగదిలోంచి అత్తగారు విన్నట్టుంది. తెల్లారి కాఫీ ఇస్తూ వేళాకోళం లేకుండా అంది. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని సామెత. పడ్డాక కొట్టుకుంటే బయటికైనా వస్తుంది బాబూ, తేలుతూ ఊరుకుంటే చస్తుంది." అల్లుణ్ణి ఆవిడ బాబూ అనడం అదే మొదలు.

బుధవారం పెద్దాయన గది తలుపు మూసి మొత్తం చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అతను ఎదురు చూశాడు.

"ఏడాదికి ఎన్ని గోడౌన్లు తిరుగుతావు నువ్వు?"

"నలభై దాకా."

"మరి? టైం లేక ఒక్క చోట ఎక్కలేదు. అది నేరమా? ఆ డ్రైవరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోమని నువ్వు చెప్పలేదు. ఆ ఫైలు సీలై ఆరు నెలలైంది. దాంట్లో ఒక్క అక్షరం మార్చడానికి నాక్కూడా హక్కు లేదు, తెలుసుగా."

మార్చకూడదు గానీ చేర్చవచ్చు. ఈ రోజు తారీఖు వేసి, ఎవరు ఎందుకు చేరుస్తున్నారో రాసి, సంతకం పెట్టి, వెనక ఒక కాగితం పెట్టవచ్చు. ఆ నియమం ఇద్దరికీ తెలుసు. చేరుస్తానన్నాడు అతను. పెద్దాయన బల్ల మీది ఫైలు మూసి పక్కకి నెట్టాడు. చేరిస్తే పార్ట్‌నర్ సంగతి ఇక మాట్లాడుకోవద్దు, ఆ పైన ఈ ఆఫీసులో ఎన్నాళ్ళుంటావన్నది కూడా నా ఒక్కడి చేతిలో ఉండదు అన్నాడు. తెలుసండీ అన్నాడు అతను.

కాగితం చేర్చాడు. అదే మాటలతో ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం రాశాడు. ఎన్నో ఉత్తరాలు అలవోకగా రాసినవాడు దీన్ని ఐదుసార్లు చించాడు. ఆరోసారి ఇలా కుదిరింది: 'గత సంవత్సరపు తనిఖీలో సమయాభావం వల్ల నేను గుట్ట పైకి ఎక్కి చూడలేదు. చూశానని రాసినది నిజము కాదు. గుట్టలోని ఖాళీ అప్పటికే ఉన్నదనుటకు దుమ్ము, సాలెగూళ్ళు, తెగని పట్టీలు ఆధారము. ప్రస్తుత స్టోర్ కీపర్‌కు గానీ డ్రైవర్‌కు గానీ ఇందులో సంబంధము లేదు.' తను చేసిన పనిని 'నేను' అని రాయడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. రాశాక కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ గర్వాన్ని పట్టుకోవడానికి ఆ పూట అతనిలోని భూతద్దానికి తీరిక లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే తనే తీసుకెళ్ళి ఇచ్చిన ఉత్తరం చదివి మేనేజర్ విసుక్కున్నాడు. అందరికీ తేలికైన దారి దొరికాక మళ్ళీ ఈ కంపేమిటండీ అన్నాడు. పాత స్టోర్ కీపర్‌ని ఎక్కడని వెతకాలి అన్నాడు. చివరికి, ఉత్తరం వచ్చింది కాబట్టి డ్రైవర్‌ని తిరిగి తీసుకోక తప్పదని ఒప్పుకుని, రేపు కబురు పెడతానన్నాడు. స్టోర్ కీపర్ నిన్న మధ్యాహ్నం నుంచీ రావడం లేదట. ఆడిటర్ వాళ్ళ ఇల్లు ఎక్కడో అడిగాడు. మీరెందుకండీ వెళ్ళడం అన్నాడు మేనేజర్, నిజంగానే అర్థం కాక.

సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదులు. మెట్లు బయట నుంచి ఉన్నాయి. వేళ ఇంకా అయిదు కాలేదు. తలుపు తీసి ఉంది. ముందు గదిలో అన్న కింద కూర్చుని పాత టేబుల్ లైటు ఒకటి విప్పి వైర్లు చూస్తున్నాడు. చెల్లెలు లోపలి గది గడప దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా నాలుగడుగుల ఎడం. ఆ నాలుగడుగుల్లో అయిదు రోజుల మౌనం ఉంది. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతున్నారో అడుగు పెట్టగానే తెలుస్తోంది.

ఆడిటర్‌ని చూసి ఆమె గబుక్కున లేచింది. కుర్చీ తెచ్చి వేసింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "క్షమించండి సార్, మా వాళ్ళ వల్ల మీకు కూడా ఎన్ని తిప్పలు," అంది. అన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అతను కూర్చోలేదు. "మీ అన్నయ్య చెప్పింది నిజమమ్మా. నేను పైకెక్కలేదు," అని ఉత్తరం నకలు చేతికిచ్చాడు.

ఆమె చదివింది. రిజిస్టరు సరిచూసినట్టే మొదటి నుంచి మళ్ళీ చదివింది. చదువుతుంటే ఆమె మొహంలో రంగు మారడం అతను చూడలేకపోయాడు. చూడకుండానూ ఉండలేకపోయాడు. ఆ గదిలో సిగ్గుపడాల్సినవాడు తనొక్కడే. కానీ తలెత్తలేనంత సిగ్గు ఆమెదే అయింది. పెంచిన అన్నని దొంగ అన్నది. ఒక కాగితం నమ్మి అన్నది.

అన్న లైటు పక్కన పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని నిదానంగా అన్నాడు.

"ఆ రోజు నేను అక్కడే బండిలో కూర్చుని ఉన్నాను సార్. నిచ్చెన అడిగారని వర్క్‌షాపు నుంచి తెచ్చి గుట్టకి ఆనించింది కూడా నేనే. మీరు మొదటి మెట్టు మీద కాలు పెట్టారు, మళ్ళీ దిగిపోయారు. పాపం ఇంటి దగ్గర నుంచి ఏదో కబురొచ్చిందేమో అనుకున్నాను. ఎవరికైనా బాగోలేదా సార్ అప్పుడు?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. దెప్పిపొడుపు లేదు. అవునంటే నమ్మేవాడు, అయ్యో అని కూడా అనేవాడు. పెద్దాయన టైం లేదన్నాడు. భార్య నడుం నొప్పి అంది. ఇప్పుడు ఈ మనిషి కూడా, తన ఉద్యోగం ఊడగొట్టించినవాడికి ఒక సాకు తీసి చేతిలో పెడుతున్నాడు. తీసుకోవడమే తరువాయి.

"ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు ఆడిటర్. ఆపైన మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "నిచ్చెన మెట్లకి గ్రీజు ఉంది. నేను ఆ రోజు కొత్త పాంటు వేసుకున్నాను."

కింద షాపులో ఎవరో చక్రం తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"పాంటుకి అంటుతుందని," అన్నాడు మళ్ళీ, వాళ్ళకి అర్థం కాలేదేమోనని. "పని పదకొండింటికే అయిపోయింది. కారు పన్నెండున్నరకి గానీ రాలేదు. ఆ గంటన్నరా మీ క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చున్నాను."

చెల్లెలు ఉత్తరం వంక చూసింది. వేలు ఒక మాట దగ్గర ఆగింది.

"మరి ఇందులో సమయాభావం వల్ల అని రాశారు కదా సార్," అంది. కోపంగా కాదు. వచ్చిన పెట్టెలకీ రాసిన పెట్టెలకీ పొంతన కుదరనప్పుడు స్టోర్ కీపర్ అడిగినట్టు అడిగింది. "అయితే ఇది కూడా నిజం కాదు."

ఈ మూడు రోజుల్లో ఎవరూ అతన్ని ఇంతగా కొట్టలేదు. నిజం ఒప్పుకుంటున్న ఉత్తరంలో కూడా తనకోసం ఒక దొంగదారి దాచుకున్నాడు. తనకు తెలియకుండా కాదు, తెలిసే. ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాళ్ళ కాగితాల్లో ఇలాంటి మాటల కిందే ఎర్రగీతలు గీశాడు.

పెన్ను తీశాడు. ఆనుకోవడానికి బల్ల లేదు. అన్న జరిగి తను కూర్చున్న చోట కాస్త చోటిచ్చాడు. ఆడిటర్ కింద కూర్చుని, కాగితం నేల మీద పెట్టి, 'సమయాభావం వల్ల' అన్న మాటని గీతతో కొట్టేశాడు. పైన రాశాడు. దిద్దుబాటు పక్కన రాయాల్సిన పొట్టి సంతకం, తారీఖు కూడా వేశాడు. మేనేజర్ దగ్గరున్న ఉత్తరం రేపు పొద్దున తనే వెళ్ళి ఇలాగే దిద్దుతానన్నాడు. ఫైలులో చేర్చిన కాగితం సంగతీ అంతే. లేచి నిలబడి ఆమెకు అందించాడు.

ఆమె తీసుకుంది. గడప దాటి వచ్చి అన్న ఎదురుగా కూర్చుంది. శుక్రవారం తర్వాత ఆమె అతని మొహంలోకి చూడటం అప్పుడే.

"అన్నయ్యా, విను," అంది. పైకి చదివింది. "గత సంవత్సరపు తనిఖీలో నా కొత్త పాంటుకి గ్రీజు అంటుకుంటుందని నేను గుట్ట పైకి ఎక్కి చూడలేదు. చూశానని రాసినది నిజము కాదు."

చివరి మాట దాకా చదివింది. డ్రైవర్‌కు సంబంధము లేదు అన్న చోట వేలు పెట్టి అతనికి చూపించింది. అన్న తల వంచుకుని విన్నాడు.

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడు.

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆడిటర్ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.